ఒక్క అడుగు... యాభయ్యేళ్ల శిక్ష

నలుగురు స్నేహితుల్ని భోజనానికి పిలిచి, పెరట్లో నిప్పు రాజేసి, ఆ సెగ మీద మాంసం కాల్చి పెట్టడం బ్రెజిల్‌లో సెలవురోజు ముచ్చట. ఆ రోజు మొయాసిర్ బార్బోసా ఇంట్లోనూ అదే జరిగింది. పొయ్యిలోకి పోయిన కట్టెలు మాత్రం మామూలువి కావు. నలుపలకలుగా చెక్కిన దూలాలవి. అంతకుముందు పదమూడేళ్లపాటు మరకానా స్టేడియంలో గోల్‌పోస్టులుగా నిలబడ్డాయి. 1963లో పాత చెక్క పోస్టుల్ని పీకి కొత్తవి పాతినప్పుడు, అక్కడివాళ్లు వాటిని బార్బోసాకు ఇచ్చేశారట. ఆయన వాటిని గోడకు ఆనించి దాచుకోలేదు. నరికి పొయ్యిలో పెట్టాడు. ఆ మంట మీద కాలిన మాంసం అంత రుచిగా ఇంకెప్పుడూ లేదని తర్వాత నవ్వుతూ అనేవాడని బ్రెజిల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పోస్టులైతే బూడిదయ్యాయి. వాటి మధ్యలోంచి వెళ్లిన బంతి మాత్రం బార్బోసాను చచ్చేదాకా వదల్లేదు.

1950 జులై 16. ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఆఖరి మ్యాచ్. బ్రెజిల్ 1, ఉరుగ్వే 2. స్కోరు చూస్తే ఇందులో వింతేముంది అనిపిస్తుంది. అంతకన్నా ఘోరంగా ఓడిన జట్లు వందల్లో ఉన్నాయి. కానీ ఒక దేశం ఒక ఓటమికి సొంతంగా పేరు పెట్టుకోవడం అరుదు. ఈ ఓటమికి దక్షిణ అమెరికా అంతా పలికే పేరుంది: మరకానాసో. మరకానా దెబ్బ అనుకోవచ్చు. ఆ మ్యాచ్ చూసినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆడినవాళ్లలో ఒక్కరూ లేరు. తగువు మాత్రం తెగలేదు. తప్పెవరిది?

ఆలు లేదు, చూలు లేదు

ఆ ప్రపంచకప్ పద్ధతే వేరు. ఇప్పట్లా సెమీస్, ఫైనల్ లేవు. గ్రూపుల్లో గెలిచిన నాలుగు జట్లు, అంటే బ్రెజిల్, ఉరుగ్వే, స్పెయిన్, స్వీడన్, ఒకదానితో ఒకటి ఆడాలి. ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లకు కప్పు. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చితక్కొట్టింది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2గా డ్రా చేసుకుని, స్వీడన్ మీద 3-2తో కిందామీదా పడి గెలిచింది. దాంతో చివరి రోజు బ్రెజిల్‌కు గెలుపు కూడా అక్కర్లేకపోయింది. డ్రా అయినా కప్పు వాళ్లదే.

ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. డ్రా చేసుకుని కప్పు తీసుకోవడం బ్రెజిల్‌కు నామోషీ. రియోలో ఈ మరకానా స్టేడియం కొత్తగా కట్టారు, అప్పటికి ప్రపంచంలో అతి పెద్దది. టోర్నీ మొదలయ్యేసరికి పనులు పూర్తిగా ముగియనే లేదు. ఆ స్టేడియంలో ఆ రోజు టికెట్టు కొని కూర్చున్నవాళ్లే 1,73,850 మంది. టికెట్టు లేకుండా చొరబడ్డవాళ్లను కూడా కలిపితే 2 లక్షలని అంచనా. అందరూ వచ్చింది ఆట చూడ్డానికి కాదు, ఊరేగింపు చూడ్డానికి.

మన సామెతలో ఆలూ చూలూ లేకుండానే కొడుక్కి సోమలింగం అని పేరు పెట్టేశారు కదా, రియోలో ఆ ముందురోజు జరిగింది అచ్చం అదే. ఒక పత్రిక ఆటగాళ్ల ఫొటో అచ్చేసి, ప్రపంచ విజేతలు వీళ్లేనని పతాక శీర్షిక పెట్టింది. విజయగీతం కట్టి ఉంచారు. ఆటగాళ్ల పేర్లు చెక్కిన బంగారు పతకాలు చేయించారు. మ్యాచ్‌కు ముందు రియో మేయర్ మైకు పట్టుకుని, మరికొద్ది గంటల్లో కోట్లమంది మిమ్మల్ని విజేతలుగా కీర్తిస్తారు, నేను ఇప్పుడే మీకు వందనం చేస్తున్నాను అంటూ ప్రసంగించాడు. పైగా అది ఎన్నికల ఏడాది. అప్పటిదాకా ఊరికి దూరంగా ప్రశాంతంగా ఉన్న జట్టు బసను చివర్లో వాస్కో డ గామా క్లబ్బు స్టేడియానికి మార్చారు. ఇక చూసుకోండి, నాయకులు, అభ్యర్థులు, వాళ్ల వెనక ఫొటోగ్రాఫర్లు. భోజనానికి కూర్చున్న ఆటగాణ్ని లేపి, కరచాలనం చేసి, సంతకం చేయించుకుని వెళ్లారు. కప్పు గెలిచాక వచ్చే జనం కప్పు రాకముందే వచ్చేశారు.

అటువైపు, ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా ఆ విజేతల ఫొటో వేసిన పేపర్లు కొన్ని తెచ్చి హోటల్ బాత్రూమ్‌లో పరిచాడని, వాటి మీద ఒంటికి పోయండిరా అని తన కుర్రాళ్లకు చెప్పాడని ఉరుగ్వేవాళ్లు ముచ్చటగా చెప్పుకుంటారు. వాళ్ల అధికారులకే నమ్మకం లేదు. పరువు పోకుండా తక్కువ గోల్స్ తేడాతో ఓడి రండి చాలు అన్నారు. కోచ్ హువాన్ లోపెజ్ డిఫెన్స్ ఆడమని చెప్పి గది దాటాడో లేదో, వరేలా లేచి, అలా ఆడితే స్పెయిన్‌కు, స్వీడన్‌కు పట్టిన గతే మనకూ పడుతుంది, బయట కూర్చున్నవాళ్లు మైదానంలోకి రారు, ఆడేది మనమే అని తేల్చేశాడు.

ఉరుగ్వే అల్లాటప్పా జట్టని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. 1924, 1928 ఒలింపిక్ స్వర్ణాలు, 1930లో మొట్టమొదటి ప్రపంచకప్ వాళ్లవే. ఇంకా దగ్గరి సంగతి చెప్పాలంటే, అదే ఏడాది మేలో రెండు జట్లూ మూడు మ్యాచ్‌లు ఆడాయి. మొదటిది ఉరుగ్వే 4-3తో గెలిచింది, బ్రెజిల్ గడ్డ మీదే. మిగతా రెండూ బ్రెజిల్ గెలిచింది, రెండూ ఒకే ఒక్క గోల్ తేడాతో. పది వారాల కిందటి ఆ లెక్క రియోలో ఒక్కరికైనా గుర్తు లేకపోయింది. గుర్తుంటే మేయర్ నోటికి అంత తొందర ఉండేది కాదు.

పదమూడు నిమిషాలు

మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగం మొదలైన రెండో నిమిషంలోనే ఫ్రియాసా కొట్టాడు. 1-0. స్టేడియం ఊగిపోయింది. అప్పుడు వరేలా చేసిన పని చూడండి. నెట్‌లోంచి బంతి తీసి చంకలో పెట్టుకుని, తాపీగా నడుచుకుంటూ రిఫరీ దగ్గరికి వెళ్లాడు. అది ఆఫ్‌సైడ్ అని పేచీ పెట్టాడు. రిఫరీ జార్జ్ రీడర్ ఇంగ్లండ్ మనిషి, వరేలాకు ఇంగ్లిష్ రాదు. దుభాషీ కావాలన్నాడు. గోల్ రద్దవుతుందని కాదు అతని ఆశ. ఆ అరుపు చల్లారాలి, తన కుర్రాళ్ల గుండెదడ తగ్గాలి. చల్లారాకే బంతి కింద పెట్టాడు.

66వ నిమిషంలో కుడి అంచున ఉన్న సన్నపాటి వింగర్ అల్సీడెస్ గిజియా, బ్రెజిల్ ఎడమవైపు కాపలా ఉన్న బిగోడిని దాటుకుని దూసుకెళ్లి బంతిని మధ్యలోకి వేశాడు. హువాన్ స్కియాఫినో దాన్ని గోల్‌లోకి బాదాడు. 1-1. ఇప్పటికీ కప్పు బ్రెజిల్‌దే. కానీ అప్పటికే స్టాండ్స్‌లో గొంతులు సన్నగిల్లాయి. గోల్ పడ్డందుకు బాధ లేదు గానీ ఆ నిశ్శబ్దమే మా ఆటగాళ్లను భయపెట్టిందని బ్రెజిల్ కోచ్ ఫ్లావియో కోస్టా తర్వాత అన్నాడు.

ఆ గోల్‌కూ తర్వాతి గోల్‌కూ మధ్య పదమూడు నిమిషాలు. నన్నడిగితే ఈ కథలో అసలు చూడాల్సింది వాటినే, ఎవరూ చూడరు.

79వ నిమిషం. మళ్లీ గిజియా. మళ్లీ అదే కుడి అంచు. హూలియో పెరేజ్‌కు బంతి ఇచ్చి, తిరిగి అందుకుని పరుగు తీశాడు. మళ్లీ బిగోడి వెనకబడ్డాడు. సాయం రావాల్సిన జువెనాల్ ఆలస్యమయ్యాడు. గోల్ ముందుకు ఉరుగ్వే ఆటగాళ్లు పరుగెత్తుకొస్తున్నారు. పోస్టుల మధ్య గోల్‌కీపర్ బార్బోసా ఒంటరి. చేతులకు గ్లౌజులు కూడా లేవు. బంతి చేతికి తగలడం తెలియాలంటూ వట్టి చేతులతోనే ఆడేవాడు. అర సెకను కూడా లేదు ఆలోచించడానికి. పదమూడు నిమిషాల కింద ఇదే మనిషి ఇదే చోటునుంచి బంతిని మధ్యలోకి పంపాడు. ఇప్పుడూ అదే చేస్తాడు. ఆ బంతిని అందుకోవాలంటే పోస్టు వదిలి ఒక అడుగు ఇవతలికి రావాలి.

వచ్చాడు.

గిజియాకు పోస్టుకూ గోల్‌కీపర్‌కూ మధ్య సందు కనపడింది. మధ్యలోకి పంపకుండా నేరుగా ఆ సందులోకే, నేలబారుగా కొట్టాడు. బార్బోసా ఎడమవైపు పడ్డాడు. వేళ్లకు తగిలిందనుకున్నాడు. బయటికి మళ్లించాను, కార్నర్ ఇస్తారు అనుకున్నాడు. స్టేడియం మూగబోవడం విని వెనక్కి తిరిగి చూశాడు. బంతి నెట్‌లో ఉంది.

రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్న లూయిజ్ మెండెస్, ఉరుగ్వే గోల్ అన్న ఒక్క మాటనే మళ్లీ మళ్లీ అన్నాడు. ఒకసారి ప్రశ్నలా, ఒకసారి నమ్మలేనట్టు, ఒకసారి తనకు తాను చెప్పుకుంటున్నట్టు. మరకానాను ముగ్గురే నోరు మూయించారు, పోప్, ఫ్రాంక్ సినాత్రా, నేను అని గిజియా ముసలితనంలో సరదాగా చెప్పుకునేవాడు.

ఆఖర్న కప్పు అందించిన తీరు ఇంకో విడ్డూరం. ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే 1-1 దగ్గర సీట్లోంచి లేచి, బహుమతి ప్రదానం కోసం మెట్లు దిగి సొరంగంలాంటి దారిలో నడిచాడు. చేతిలో పోర్చుగీసు భాషలో రాసుకున్న అభినందన ప్రసంగం. గ్రౌండ్‌లోకి వచ్చేసరికి లోకం తల్లకిందులైంది. గౌరవ వందనం లేదు, జాతీయగీతం లేదు, మైకు లేదు. తోపులాటలో చంకలో కప్పుతో ఎటుపోవాలో తెలియక నిలబడి, చివరికి వరేలా కనిపిస్తే చేతిలో పెట్టేసి వచ్చాడు. దొంగసొత్తు చేతులు మారినట్టు ప్రపంచకప్ చేతులు మారింది.

అత్త మీద కోపం

ఇంత జనం ఇంత ఏడ్చాక ఎవరో ఒకరి మీద పడాలి. పడ్డారు. మేయర్ మీద కాదు. పత్రిక మీద కాదు. బస మార్చినవాళ్ల మీద కాదు. ముగ్గురి మీద. బిగోడి, జువెనాల్, బార్బోసా. ముగ్గురూ నల్లవాళ్లు.

జట్టులో మిగతావాళ్లూ ఆ రోజు గొప్పగా ఆడిందేమీ లేదు. రెండు మ్యాచ్‌ల్లో 13 గోల్స్ కొట్టిన ముందువరస ఆ రోజు ఒక్కటే కొట్టింది. కానీ ఆ వరసలోని అదెమీర్‌ను ఎవరూ రోడ్డు మీద ఆపి నిలదీయలేదు. నల్లవాళ్లకు ఒత్తిడి తట్టుకునే గుండె ఉండదన్న మాట అంతకుముందు గుసగుసగా ఉండేది, జులై 16 తర్వాత గొంతు తెచ్చుకుంది. బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లవాళ్ల గురించి పుస్తకం రాసిన పాత్రికేయుడు మారియో ఫిల్యో, తర్వాతి ముద్రణలో ఈ నింద సంగతి ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది. మరకానా స్టేడియానికి అధికారికంగా ఉన్న పేరు ఆయనదే. ఇందులో ఇంకో వెక్కిరింత ఉంది. బ్రెజిల్‌ను మట్టికరిపించిన కెప్టెన్ వరేలా కూడా నల్లజాతి రక్తమున్నవాడే. సొంతవాళ్లు అతన్ని ప్రేమగా నల్ల నాయకుడు అని పిలుచుకునేవారు. ఒత్తిడి తట్టుకోలేదన్న రంగే ఆ రోజు గెలిచింది కూడా.

వరేలా బిగోడి చెంప మీద కొట్టాడని, బిగోడి నోరెత్తలేదని ఒక పుకారు పుట్టింది. ఇద్దరూ అలాంటిదేమీ జరగలేదన్నారు. పుకారు బతికే ఉంది. జట్టులోకెల్లా మేటి ఆటగాడు జిజిన్యో, చాలా ఏళ్లు జులై 16న ఫోన్ రిసీవర్ తీసి పక్కన పెట్టేసేవాడట. మోగితే ఎవరైనా అడిగేది ఒకటే కాబట్టి.

అందరికంటే బరువు మోసింది బార్బోసా. అప్పటికి అతనికి 29 ఏళ్లు. వాస్కో డ గామాకు మూలస్తంభం, 1949లో దక్షిణ అమెరికా ఛాంపియన్‌గా నిలిచిన జాతీయ జట్టు గోల్‌కీపర్. ఆ మ్యాచ్ తర్వాత దేశం తరఫున ఇంకొక్కసారే ఆడాడు, 1953లో. క్లబ్బులకు మాత్రం నలభై దాటేదాకా ఆడాడు. ఆట మానేశాక మరకానా ప్రాంగణంలోనే చిన్న ఉద్యోగం. రోజూ పనికి వెళ్లాల్సింది అదే చోటికి. ఇంతకన్నా క్రూరమైన డ్యూటీ ఎవరూ వేయలేరు.

1970లో ఒక దుకాణంలో జరిగింది ఆయనే చెప్పాడు. సామాన్లు కొంటుంటే ఒకావిడ ఆయన్ని గుర్తుపట్టింది. పక్కనున్న చిన్న కొడుకును దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి చూపించింది. బాబూ, చూడు, బ్రెజిల్‌నంతా ఏడిపించింది ఈయనే. ఆ పిల్లాడు పుట్టేసరికి మ్యాచ్ అయిపోయి ఎన్నేళ్లో. బ్రెజిల్ మధ్యలో 1958, 1962 కప్పులు కూడా గెలిచింది. అయినా బాకీ తీరలేదు.

1993లో జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి వెళ్లాడు, కుర్రాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామని. లోపలికి రానివ్వలేదు. అపశకునమట. బ్రెజిల్‌లో గరిష్ఠ శిక్ష 30 ఏళ్లు, నేను చేయని నేరానికి 50 ఏళ్లుగా అనుభవిస్తున్నాను అని ఆయన చివర్లో అన్న మాట దేశంలో అందరికీ కంఠతా వచ్చు. 2000 ఏప్రిల్ 7న చనిపోయాడు. జులై వస్తే లెక్క సరిగ్గా యాభై అయ్యేది.

గోల్‌కీపర్ జెర్సీ రంగు సంగతేమో గానీ, గోల్‌కీపర్ రంగు విషయంలో బ్రెజిల్ చాలాకాలం జాగ్రత్తపడింది. 1966లో మంగా ఆడిన ఒక్క మ్యాచ్ పక్కన పెడితే, ప్రపంచకప్‌లో నల్లజాతి గోల్‌కీపర్ బ్రెజిల్‌కు నంబర్ వన్‌గా నిలబడ్డానికి 2006 రావాలి. అతను డిడా. మధ్యలో 56 ఏళ్లు.

జట్టు జెర్సీ కూడా ఆ ఓటమిలోనే పోయింది. అప్పటిదాకా బ్రెజిల్ తెల్ల జెర్సీ, నీలి కాలరుతో ఆడేది. అచ్చిరాలేదన్నారు. కొత్త జెర్సీకి ఒక పత్రిక పోటీ పెట్టింది. జాతీయ జెండాలోని నాలుగు రంగులూ ఉండాలన్నది షరతు. ఇప్పుడు లోకమంతా గుర్తుపట్టే ఆ పసుపు చొక్కా, ఆకుపచ్చ అంచు, నీలి నిక్కరు గీసింది పంతొమ్మిదేళ్ల ఆల్దిర్ ష్లీ. ఉరుగ్వే సరిహద్దు ఊరివాడు. పైగా మనసులో ఉరుగ్వే అభిమాని. బ్రెజిల్ ఓటమి కడిగేయడానికి వేసుకున్న చొక్కా, బ్రెజిల్‌ను ఓడించినవాళ్ల అభిమాని కుట్టిపెట్టినట్టయింది.

మన మేడ మీద నిశ్శబ్దం

ఇదంతా ఎక్కడో దక్షిణ అమెరికా గొడవ అనుకునేవాళ్లకు 2023 నవంబర్ 19 రాత్రి గుర్తుచేస్తాను. అహ్మదాబాద్, క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్. అప్పటికి వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన మన జట్టు, స్టాండ్స్‌లో 92 వేలకు పైగా జనం. అంతమంది సొంత అభిమానుల్ని నిశ్శబ్దం చేయడంకంటే తృప్తి ఇంకోటి ఉండదని ముందురోజే ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్ అన్నాడు. చేసి చూపించాడు. మా అపార్ట్‌మెంట్ మేడ మీద ప్రొజెక్టర్ పెట్టారు. దీపావళి అయి వారమే కాబట్టి పిల్లలు మిగిల్చిన టపాకాయల సంచి ట్యాంకు పక్కన సిద్ధంగా ఉంది. ట్రావిస్ హెడ్ వంద దాటాక ఎవరో మౌనంగా ఆ సంచి మూతి ముడేశారు. తెల్లారి టీ కొట్టు దగ్గర అప్పుడే తీర్పు వచ్చేసింది. ఫలానావాడు బంతులన్నీ తినేశాడు, వాడి వల్లే పోయింది. ఇంకొకరు పిచ్ అన్నారు. ఒక పెద్దాయన, ప్రధాని రాకపోయుంటే గెలిచేవాళ్లం అన్నాడు. ఆస్ట్రేలియా బాగా ఆడిందని మాత్రం రెండో గ్లాసు అయ్యేదాకా ఎవరి నోటా రాలేదు.

మనకూ ఒక బార్బోసా ఉన్నాడు. 1986లో షార్జాలో ఆఖరి బంతికి పాకిస్తాన్‌కు 4 పరుగులు కావాలి. చేతన్ శర్మ వేశాడు, జావేద్ మియాందాద్ సిక్స్ కొట్టాడు. మరుసటేడాది ప్రపంచకప్ చరిత్రలో మొట్టమొదటి హ్యాట్రిక్ తీసింది అదే చేతన్ శర్మ. నలభై దాటినవాళ్లను అడిగి చూడండి, రెండింటిలో ఏది ముందు గుర్తొస్తుందో.

ఇంకో చిత్రమైన ముడి కూడా ఉంది. 1950 ప్రపంచకప్‌కు భారత్‌కూ చోటు దొరికింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలున్న గ్రూపులో మన పేరుంది. మనవాళ్లు వెళ్లలేదు. చెప్పుల్లేకుండా ఆడనివ్వరని మానేశారన్న కథ చాలాకాలం నడిచింది గానీ, అప్పటి మన సమాఖ్యకు ఒలింపిక్సే గొప్ప, ప్రపంచకప్ లెక్కలోది కాదు. సరిగ్గా అదే 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలవడం మొదలుపెట్టి వరసగా ఐదేళ్లు వదల్లేదు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో భారత్ యుగోస్లావియా మీద 1-0తో ముందంజలో ఉండి 4-1తో ఓడింది. ఆ నాలుగు గోల్స్‌కు బాధ్యులెవరని మన దగ్గర ఒక్క వాదన కూడా జరగలేదు. ఎవరినీ వేటాడలేదు. మన మంచితనం అనుకుంటే పొరపాటు. మరిచిపోయాం, అంతే. బార్బోసాను బ్రెజిల్ హింసించింది, నిజమే. మనం రహీం కుర్రాళ్ల పేర్లయినా మిగుల్చుకోలేదు. ఏది ఎక్కువ నేరమో నాకు తేల్చుకోవడం కష్టంగానే ఉంది.

కాలంలో వెనక్కి వెళ్లినా

1988లో బ్రెజిల్‌లో ‘బార్బోసా’ పేరుతో ఒక చిన్న సినిమా వచ్చింది. చిన్నప్పుడు తండ్రితో కలిసి ఆ మ్యాచ్ చూసిన ఒకాయన, పెద్దయ్యాక కాలయంత్రం ఎక్కి 1950కి వెళ్తాడు. గోల్ పడకుండా బార్బోసాను హెచ్చరించాలని గోల్ వెనక్కి చేరతాడు. గిజియా దూసుకొస్తుంటే గట్టిగా కేక వేస్తాడు. ఆ కేకకు బార్బోసా దృష్టి మళ్లుతుంది. గోల్ పడుతుంది. ఆపడానికి వెళ్లిన అభిమానే కారణమవుతాడు. ఈ ఓటమి గురించి గుట్టలకొద్దీ పుస్తకాలు వచ్చాయి గానీ, ఆ చిన్న సినిమాకు దొరికినంత నిజం వాటిలో చాలావాటికి దొరకలేదనిపిస్తుంది.

సరే, తీర్పు చెప్పకుండా తప్పించుకోను. పదమూడు నిమిషాలు అన్నాను కదా, అక్కడికి వద్దాం.

ఉరుగ్వే మొదటి గోల్ ఎలా పడిందో రెండు లక్షల మంది చూశారు. బిగోడి ఒక్కడివల్ల గిజియా ఆగడని చిన్నపిల్లాడికీ తెలిసిపోయింది. అప్పట్లో సబ్‌స్టిట్యూట్‌లు లేరు, మనిషిని మార్చడానికి వీల్లేదు, నిజమే. కానీ ఉన్న మనుషుల్ని జరపొచ్చు. ముందువరసలోంచి ఒకర్ని వెనక్కి లాగొచ్చు. 1-1 అంటే కప్పు మనదే, నెమ్మదించండి అని ఒక్క కబురు పంపొచ్చు. డ్రా చాలన్న లెక్క తెలిసిన కోచ్ చేయాల్సిన పని అది. కోస్టా చేయలేదు. చేస్తే స్టాండ్స్ ఊరుకునేవి కావు, 7-1లు, 6-1లు రుచి మరిగిన జనం. జనాన్ని అలా మరిగించింది పత్రికలు, మేయర్, ఓట్ల కోసం బస చుట్టూ తిరిగినవాళ్లు. కోస్టాకూ తిట్లు పడ్డాయి. కానీ 1955లో అదే జాతీయ జట్టుకు మళ్లీ కోచ్‌గా కూర్చోబెట్టారు. గోల్‌కీపర్‌ను మాత్రం శిబిరం గేటు కూడా దాటనివ్వలేదు.

ఇక ఆ ఒక్క అడుగు. అంతకుముందు గోల్ చూసిన ఏ గోల్‌కీపరైనా ఆ అడుగు వేస్తాడు. వేయకుండా పోస్టును పట్టుకుని నిలబడి, గిజియా మధ్యలోకి పంపి, స్కియాఫినో మళ్లీ కొట్టి ఉంటే, పోస్టు వదలకుండా నిద్రపోయాడు అనేవారు. గిజియా చేయనిది చేశాడు. అది అతని తెలివి. బార్బోసా తప్పు కాదు. ఆటలో వెనక ఎవరూ లేని మనిషి గోల్‌కీపర్ ఒక్కడే. పదిమంది చేసిన తప్పులు అతని ముందు నుంచే వెళ్లి నెట్‌లో పడతాయి, ఫొటోలో అతనే ఉంటాడు.

2014 జులై 8న బెలో హారిజాంటేలో జర్మనీ 7-1తో బ్రెజిల్‌ను సొంతగడ్డ మీదే నేలమట్టం చేసింది. ఆరు నిమిషాల్లో 4 గోల్స్. ఆ రాత్రి కూడా తప్పెవరిదని వెతికారు. ఏడు గోల్స్ ఒకడి నెత్తిన ఎత్తడం కుదరలేదు. కోచ్ నుంచి సమాఖ్య దాకా అందరికీ తలా కాస్త పంచారు. ఇక బార్బోసాకు విముక్తి అని అప్పుడు కొందరు రాశారు. చచ్చిపోయి పద్నాలుగేళ్లయ్యాక.

1950లో బావురు అనే ఊళ్లో రేడియో దగ్గర తండ్రి ఏడుస్తుంటే చూసి, ఏడవకు నాన్నా, నీకు కప్పు నేను తెస్తానన్న తొమ్మిదేళ్ల పిల్లాడు ఎనిమిదేళ్లకే మాట నిలబెట్టుకున్నాడు. అతని పేరు పెలే. ఆ కథ అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది ఇది: 2009 డిసెంబర్‌లో రియోవాళ్లు గిజియాను సగౌరవంగా పిలిచారు. మరకానాలో మహామహుల పాదముద్రల వరసలో అతని పాదాలకూ అచ్చు తీసుకున్నారు. ఎనభై మూడేళ్ల గిజియా కళ్లు తుడుచుకున్నాడు. 2015లో చనిపోయాడు. ఆ రోజు కూడా జులై 16.

దేశాన్ని ఏడిపించిన ఆ గోల్ కొట్టినవాడికి మరకానాలో చోటు దొరికింది. ఆపలేకపోయినవాడికి బతికుండగా శిబిరం గేటు దగ్గర కూడా దొరకలేదు.